పుంజీల లెక్క

డిసెంబర్ 3, బుధవారం

విత్తనాల కంపెనీవాళ్లు జనవరిలో షాపుకు ఇచ్చిన డైరీ ఇది. పదకొండు నెలలు ఖాళీగా పడి ఉంది. ప్రతి పేజీ అడుగున రైతుకు ఒక సలహా అచ్చువేశారు. ఇవాళ్టి పేజీ కింద వేరుశనగలో ఆకుముడత పురుగు గురించి ఉంది. ఆ మందు మా దగ్గర స్టాకు లేదు.

మధ్యాహ్నం వనపర్తి నుంచి ఒక మేడం వచ్చింది. పేరు పద్మజ. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుందట. మందు కొనడానికి కాదు, గోడకు ఒక కాగితం అంటించడానికి వచ్చింది. ఈ నెల పదమూడున చెరువుల మీద పక్షులను, పద్నాలుగున ఖిల్లా ఘణపూర్ గుట్ట మీద సీతాకోకచిలుకలను లెక్కపెడతారట. కాలేజీ పిల్లలు ఉన్నారు గానీ వాళ్లకు తెలుగు రాత సరిగా రాదట. పేర్లు, అంకెలు శుభ్రంగా రాసిపెట్టేవాళ్లు కావాలట.

మా సేటు గోవిందు నవ్వాడు. "మేడం, మేము పురుగులను సంపెతందుకు దుకాణం వెట్టుకున్నం. మీరేమో లెక్క వెడ్తమంటుండ్రు."

"మీరు చంపగా మిగిలినవే కదా సేట్, లెక్కపెట్టేది," అంది మేడం.

కాగితం మీద నాలుగు చెరువుల పేర్లు ఉన్నాయి. మూడోది తుమ్మలకుంట.

ఆదివారం ఎట్లాగూ షాపు బంద్. శనివారం ఒక్కరోజు అడిగితే చాలు.

పెరట్లో నిమ్మచెట్టును పురుగులు తింటున్నాయి. పక్కింటి సత్యమ్మ గోడ మీదుగా చూసి, "మందుల షాపుల పనిచేస్తవు, జరంత కొట్టరాదా యేసుబాబు," అంది. చూద్దాం అన్నాను.

డిసెంబర్ 4, గురువారం

పేరు ఇచ్చాను. నా చేతిరాత బాగుంటుంది. అంతే.

డిసెంబర్ 5, శుక్రవారం

తుమ్మలకుంట రేఖ వాళ్ల ఊరు. పెబ్బేరులో దిగి శ్రీరంగాపూర్ దారిలో పోవాలి. రేఖ అక్కడికి పోయి మూడు నెలలు దాటింది. వినాయక చవితి తర్వాతి వారం పోయింది. వాళ్ల నాయన దేవదాసు మామకు పక్షవాతం వచ్చింది. అత్త ఎప్పుడో పోయింది, రేఖ ఒక్కతే బిడ్డ. చూసుకోవడానికి పోయింది.

అక్టోబర్ చివర మామ చనిపోయాడు. మట్టికి పోయి వచ్చాను. నలభయ్యో రోజు ప్రార్థన కూడిక నిన్ననే అయిపోయి ఉంటుంది. నాకు కబురు రాలేదు. వచ్చి ఉంటే పోయేవాడినే.

కూడిక అయిపోయాక వస్తుందని అనుకుంటున్నాను. అక్కడ ఇక చూసుకోవాల్సినవాళ్లు ఎవరున్నారు.

రొట్టెలు నేనే చేసుకుంటున్నాను. ఈరోజు ఐదు చేసి రెండు పారేశాను. పెళ్లయిన కొత్తలో ఎన్ని రొట్టెలు చేశావంటే రేఖ "రెండు పుంజీలు" అనేది. ఎనిమిది. వాళ్ల నాయన చెరువు కట్ట మీద చేపలైనా, పిట్టలైనా, నీళ్ల వంతులైనా పుంజీల్లోనే లెక్క చెప్పేవాడు. నాలుగైతే ఒక పుంజీ. ఆ లెక్కే రేఖకూ వచ్చింది. మొదట్లో నేను నవ్వేవాడిని. తర్వాత నాకూ అదే అలవాటైంది. షాపులో ఒకసారి మందు డబ్బాలు మూడు పుంజీలున్నాయని చెబితే సేటు నా ముఖం చూశాడు.

ఐదు రొట్టెలంటే పుంజీ మీద ఒకటి. ఆ ఒకటి ఎప్పుడూ మిగిలిపోతుంది.

డిసెంబర్ 7, ఆదివారం

చర్చిలో అయ్యగారు అడిగాడు, "రేఖమ్మ క్రిస్మస్‌కు వస్తది గద?"

"పనుంది అయ్యగారూ," అన్నాను.

ఏం పని అని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడినో.

స్టారు కట్టాలి. ప్రతి ఏడూ తనే ఎక్కి కడుతుంది. నిచ్చెన పట్టుకోవడం నా పని.

డిసెంబర్ 9, మంగళవారం

మేడం ఫోన్ చేసింది. ఒక్కో చెరువుకు ఇద్దరిద్దరు. ఒకరు చూసి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. నేను ఏ చెరువుకైనా సరే అన్నాను. ఏదైనా పర్వాలేదు, కానీ తుమ్మలకుంట అయితే బస్సు సులువు అని కూడా అన్నాను. పెబ్బేరు నుంచి బస్సు ఉన్న మాట నిజమే.

డిసెంబర్ 12, శుక్రవారం

నీలం చొక్కా ఇస్త్రీ చేయించాను. కాలేజీ మేడంతో తిరగాలి, మాసిన చొక్కా బాగుండదు.

డిసెంబర్ 13, శనివారం

ఏడు గంటలకు పెబ్బేరులో మేడం వ్యానెక్కాను. నలుగురు పిల్లలున్నారు. తుమ్మలకుంట కట్ట మీద దిగేసరికి మంచు ఇంకా నీళ్ల మీదే ఉంది. అవతలి ఒడ్డు కనిపించలేదు, అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి.

"ఇక్కడ చూసి చెప్పడానికి ఒకామె ఉంది. ఈ చెరువు నీరటి. చిన్నప్పటినుంచి ఈ బాతులను చూస్తోందట," అంది మేడం.

నీరటి ఆడమనిషి ఏమిటి అనుకున్నాను. ఆ చెరువు తూము ముప్పై ఏళ్లు తెరిచి మూసింది దేవదాసు మామ.

రేఖ కట్ట మీద నడుచుకుంటూ వచ్చింది. మామ శాలువా కప్పుకుంది. నడుముకు తూము తాళంచెవి వేలాడుతోంది. చిక్కింది. నడక మాత్రం మామ నడకే. కళ్లు దారి మీద కాదు, నీళ్ల మీద.

"ఈయన యేసుబాబు గారు. కొత్తకోట నుంచి వచ్చారు, రాసిపెడతారు," అంది మేడం.

"నమస్తె సార్," అంది రేఖ.

నేను కూడా నమస్తే అన్నాను. ఆ తర్వాత మేడంకు నిజం చెప్పడానికి వీలు దొరకలేదు. మేడం పిల్లలను తీసుకుని మిగతా చెరువులకు పోయింది. కట్ట మీద మేమిద్దరం మిగిలాం.

"సార్ అంటివి," అన్నాను.

"మరేమనాలె? మేడం ముంగట మొగుడనాల్నా? ఉన్నడా మొగుడు?"

కాగితాలు సర్దుకున్నాను.

కొంచెం సేపటికి తనే అడిగింది. "నిమ్మచెట్టుకు మందు కొట్టినవా?"

"కొట్టలె."

"అబద్ధం. మందుల షాపోనివి."

"నిజం. ఆకులన్ని తింటున్నయ్. సూస్తె నీకే తెలుస్తది."

"నేనెందుకొస్త సూసెతందుకు," అని నీళ్ల వైపు తిరిగింది. "రాసుకో. తెల్ల కొంగలు ఏడు. నీటికాకులు పదకొండు. గా రాయి మీద లకుముకి ఒక్కటి. రెండు. రెండోది తుమ్మ కొమ్మ మీదున్నది."

రెండోది నాకు కనిపించలేదు. ఎటు అని అడిగితే నా గడ్డం పట్టుకుని ముఖం తిప్పింది. పిల్లలకు తిప్పినట్టు. తర్వాత ఆ చేయి శాలువాకు తుడుచుకుంది.

మేడం ఇచ్చిన దుర్భిణి మెడలో వేసుకుంది గానీ ఒక్కసారి కూడా కళ్లకు పెట్టలేదు. ఏ పిట్ట ఎక్కడుంటుందో తనకు ముందే తెలుసు.

మంచు విడిచాక బాతులు కనిపించాయి. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనుక రెండు నల్లటి గీతలు. మంచుకొండలు దాటి వస్తాయని మేడం పొద్దున వ్యానులో చెప్పింది. చెరువు మధ్య తిట్టె మీద, దక్షిణం వైపు మడుల్లో, ఎక్కడ చూసినా అవే.

"మా నాయిన సలిబాతులంటుండె. మొదటి సలికి దిగుతయ్, మామిడి పూత రాలంగనె పోతయ్," అంది రేఖ. "పోయిన నెల వచ్చినయ్. నాయిన మట్టి అయినంక పదిరోజులకు. ఇంకొన్ని దినాలుంటె సూస్తుండె."

నేను తల ఊపాను.

"ఇవి ఒక్కొక్కటి లెక్కవెడితె ఒడువదు. పుంజీల లెక్క చెప్త. రాసుకో."

సరే అన్నాను.

తిట్టె మీదివి చెప్పడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, వేళ్లు శాలువా లోపల కదులుతున్నాయి. అప్పుడే కురుమయ్య కట్ట ఎక్కి వచ్చాడు. తూముకు దగ్గర్లోనే ఆయన మడి.

"ఏం రేఖమ్మా, నా నారుమడికి నీళ్లు రాకపాయె. నువ్వు ఈడ బాతుల లెక్క వెడుతున్నవా?"

"నీ మడికి నిన్న నిండంగ పెట్టిన కురుమయ్య మామా. ఇయ్యాల కడమడులోళ్ల వంతు. ఆళ్లకు గూడ నారు వోసుకోవాలె గద."

"నీ నాయిన ఉన్నప్పుడు గిట్ల లేకుండె."

"అవ్. మా నాయిన కండ్లు గప్పి నువ్వు కాలువల రాయి అడ్డం పెట్టుకుంటుంటివి. నా కాడ గది నడువదు. గందుకే నీకు గిట్ల అనిపిస్తుంది."

కురుమయ్య నన్ను అప్పుడు చూశాడు. "ఓ, అల్లుడు గూడ వచ్చిండా! మంచిగైంది. అల్లుడా, నీ పెండ్లాన్ని జర తోల్కపో. మాకందరికి పుణ్యముంటది."

రేఖ అటు తిరగలేదు. "ముప్పై రెండు. రాసినవా?" అంది.

"రాసిన."

ఆయన పోయాక చెప్పింది. ఆయకట్టు రైతులు క్రిస్మస్ దాటాక కూర్చుంటారట. తాళంచెవి రేఖ దగ్గర ఉండాలా, ఇంకెవరికైనా ఇవ్వాలా అని. ఈసారి నారుమళ్లకు పది రోజులు ముందుగా నీళ్లు వదిలింది. కింది మడులవాళ్లు అడిగితే వదిలింది. తూము దగ్గరివాళ్లకు అది నచ్చలేదు.

"తాళం ఇచ్చేస్తె?" అన్నాను.

"ఇచ్చేసి?"

నేను కలం మళ్లీ కాగితం మీద పెట్టాను. "ఇరవై అయిదు," అంది, బాతుల వైపే చూస్తూ.

తోల్కపోవడానికి వచ్చానా? కాదు. లెక్క రాయడానికి వచ్చాను.

పదకొండింటికి అయిపోయింది. సలిబాతుల అంకెలన్నీ కూడితే రెండు వందల పదకొండు. మేడం ఇచ్చిన కాగితంలో 'సంఖ్య' అని గడి ఉంది. ఆ గడిలో 211 అని వేశాను. రేఖ చెప్పిన అంకెలు చెప్పినట్టే రాశాను.

మేడం తిరిగొచ్చాక వ్యాను కదిలేటప్పుడు రేఖ తూము మీద నిలబడి ఉంది. చేయి ఊపలేదు. నేనూ ఊపలేదు. మేడం మాత్రం ఊపింది.

చెప్పినట్టే రాశాను.

డిసెంబర్ 14, ఆదివారం

ఖిల్లా ఘణపూర్ గుట్ట. పొద్దెక్కితే గానీ సీతాకోకచిలుకలు లేవవని తొమ్మిదింటికి మొదలుపెట్టాం. ఎండ తగిలిన బండల మీద రెక్కలు విప్పి కూర్చుంటాయి. ఒళ్లు వేడెక్కితే గానీ ఎగరలేవట.

ఇక్కడ రేఖ లేదు. తూము దగ్గర పని. పిల్లలు చూసి చెప్పారు, నేను రాశాను. జిల్లేడు దగ్గర నారింజ రంగువి తొమ్మిది. తంగేడు మీద పసుపువి ఇరవైకి పైన. పిల్లలు గబగబా చెబుతారు. చెప్పినదే మళ్లీ చెబుతారు. నిన్నటిలాగా లేదు. రేఖ ఒక అంకె చెప్పి ఊరుకునేది. నేను రాయడం అయిందని చూడకుండానే తెలుసుకుని, తర్వాతది చెప్పేది.

కోట గోడ వారన మారేడు చెట్టు ఉంది. రోజా అనే పిల్ల అక్కడి నుంచి అరిచింది. "అంకుల్, ఈ ఆకు మీద పిట్ట రెట్ట వేసింది. కదులుతుంది అది!"

"రెట్ట కాదు బిడ్డా, పురుగు. పిట్టలు తినకుండ అట్ల కనవడతది. ఇంకో నాలుగు దినాలకు పచ్చగైతది. అప్పుడు ముట్టుకుంటె తల మీద ఎర్ర కొమ్ములు లేపుతది. నిమ్మపండు వాసనొస్తది."

మేడం వచ్చి నిలబడింది. "మందుల షాపులో ఉండి ఇవన్నీ ఎట్లా తెలుసు మీకు?"

"ఇంట్లో నిమ్మచెట్టుంది మేడం."

"మందు కొట్టలేదా?"

"ఇంట్లో వద్దంటది."

అన్నాక గుర్తుకొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు.

మధ్యాహ్నం గోడ నీడన సద్ది విప్పుకున్నాం. మేడం నిన్నటి కాగితాలు తిరగేసింది. తుమ్మలకుంట కాగితం దగ్గర ఆగింది.

"పోయినేడు ఈ బాతులు ఎనిమిది వందల పద్దెనిమిది. ఈసారి రెండు వందల పదకొండేనా?"

నేను ఇది అడుగుతుందని నిన్న కట్ట మీదే అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా అనుకుని ఉన్నాను. "ఇంకోసారి లెక్కపెడితే మంచిదేమో మేడం. పిల్లలకు పరీక్షలు కదా, నేనొక్కడిని పోతాను. ఆమె చెబుతుంది, నేను రాస్తాను."

అంతవరకూ అనుకున్నట్టే జరిగింది.

మేడం తల అడ్డంగా ఊపింది. "లెక్క తప్పై ఉండదు. నాకు అక్కడి రైతు ఒకాయన చెప్పాడు. కొత్తగా తూము చూస్తున్నామె పది రోజులు ముందే నీళ్లు వదిలిందట. నీళ్లు తగ్గితే బాతులు వేరే చెరువుకు పోతాయి. రిపోర్టులో రాయాలి. నీటిపారుదల వాళ్లకు ఒక కాపీ, ఆయకట్టు సంఘానికి ఒక కాపీ పంపుతాను. మంచామే పాపం, కానీ తెలియక చేసింది."

రొట్టె చేతిలోనే ఉంది. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. పిల్లలందరూ ఉన్నారు.

డిసెంబర్ 15, సోమవారం

మేడంకు ఫోన్ చేయలేదు. షాపులో పని ఎక్కువ.

పని ఎక్కువేం లేదు.

డిసెంబర్ 16, మంగళవారం

పొద్దున నిమ్మచెట్టు దగ్గర నిలబడ్డాను. పచ్చపురుగులు మూడు ఉన్నాయి. ఒకటి కొమ్మకు దారంతో కట్టుకుని వేలాడుతోంది. ఇక ఏమీ తినదు, కదలదు.

పదింటికి షాపు వెనక నిలబడి ఫోన్ చేశాను.

"మేడం, తుమ్మలకుంట బాతులు. అవి పుంజీలు."

"అంటే?"

"ఒక పుంజీ అంటే నాలుగు. ఆమె పుంజీల లెక్కలో చెప్పింది. నేను ఒట్టి అంకె రాశాను."

కాసేపు కాగితం చప్పుడు వినిపించింది. "నాలుగుతో అంటే ఎనిమిది వందల నలభై నాలుగు. పోయినేటి కంటే ఎక్కువే ఉన్నాయి. అయ్యో, నేను రాత్రే రిపోర్టు సగం రాశాను యేసుబాబు గారూ! ఆమె మీద రాశాను. మీకు పుంజీ అంటే ఎంతో అప్పుడు తెలియదా?"

తెలియదని చెబితే అయిపోయేది.

"తెలుసు మేడం."

"తెలిసీ ఎందుకట్లా రాశారు?"

"మళ్లీ పొమ్మంటారని. ఇంకోసారి లెక్కపెట్టడానికి." తర్వాత చెప్పాను, "ఆమె నా భార్య మేడం."

మేడం అంది, "ఆమె గురించి రాసింది కొట్టేస్తాను. మళ్లీ లెక్కపెట్టాల్సిన పని లేదు, గుణిస్తే సరిపోయింది. వచ్చే ఏడు మాత్రం వేరేవాళ్లతో రాయించుకుంటాను. ఏమీ అనుకోకండి."

నేనేమీ అనుకోలేదు. నాలుగుతో గుణించడానికి నిమిషం కూడా పట్టలేదు.

డిసెంబర్ 17, బుధవారం

ఇక తుమ్మలకుంటకు పోవడానికి నాకు ఏ పనీ లేదు.

డిసెంబర్ 18, గురువారం

రేఖ తనంతట తను పోయినట్టు మొదట్లో రాశాను. అది సరిగా రాయలేదు.

మామకు పక్షవాతం అని తెలిసిన రోజు రేఖ నన్ను అడిగింది. ఇద్దరం పోయి తుమ్మలకుంటలో ఉందామంది. "ఏడున్నరకు పెబ్బేరు మీదికెల్లి బస్సుంది. షాపు తొమ్మిదింటికి తెరుస్తరు. నువ్వు అందుతవు," అంది. బస్సు వేళ కూడా అంతకుముందే కనుక్కుని ఉంది.

మా అన్న జంగయ్య ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "పెండ్లాం ఊర్ల పండుకొని పెండ్లాం ఊర్ల లేస్తవా? ఇల్లరికం పోతడంట మావోడు," అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. రేఖ నవ్వలేదు.

సాయంత్రం అన్న పోయాక మళ్లీ అడిగింది. "నువ్వు పోతె పో. నేను రాను. ఇల్లరికం పోయెటోన్ని కాదు," అన్నాను. అన్న లేడు అప్పుడు. వినేవాళ్లు ఎవరూ లేరు. ఆ మాట రేఖతోనే అన్నాను.

సంచి సర్దుకుంటూ ఒకటే చెప్పింది, నిమ్మచెట్టుకు మందు కొట్టొద్దని. నేను సరే అనలేదు, కాదనలేదు.

పక్షవాతం వచ్చాక మామను బతికి ఉండగా ఒక్కసారే చూశాను. అరగంట కూర్చున్నాను.

డిసెంబర్ 20, శనివారం

సేటును సెలవు అడిగాను. "మల్ల లెక్కలకా?" అన్నాడు. కాదు, ఇంటికి అన్నాను. ఎవరి ఇంటికి అని అడగలేదు.

పెబ్బేరులో ఆటో ఎక్కి నాలుగింటికి తుమ్మలకుంట కట్ట దగ్గర దిగాను. రేఖ తూము పక్కన కాలువలో చెత్త తీస్తోంది. మోకాళ్ల దాకా నీళ్లు. నన్ను చూసి కూడా చేతిలో పని ఆపలేదు.

"ఏం సార్, ఇయ్యాల ఏం లెక్క?"

"ఏం లేదు."

"మేడం ఫోన్ చేసింది."

"ఏమన్నది?"

"నీ మొగునికి ఎక్కాలు రావా అన్నది." పార ఒడ్డున పెట్టింది. "నీకు పుంజీ తెల్వదా? నా చేతి రొట్టెలు పద్నాలుగేండ్లు పుంజీల లెక్క తింటివి. కావాలని రాసినవ్. రాసి ఊకున్నవ్. మేడం గా కాయితం సంఘానికి పంపితె నా గతేంది? తాళం కురుమయ్య మామ చేతుల పెట్టినట్టయితుండె. నన్ను సూడాల్నని ఉంటె సక్కగ రారాదా? బాతులడ్డమెందుకు?"

"తప్పయింది."

"ఏది తప్పయింది? అంకెనా?"

నేను చెప్పులు విడిచి కాలువ గట్టు మీద కూర్చున్నాను. కాళ్లు దించితే నీళ్లు చల్లగా ఉన్నాయి.

"అంకె గూడ. మామ కాడికి రానంటిని గద. అది."

రేఖ తుంగ వేర్లు ఒకచోట కుప్పగా వేసింది. "నాయిన రోజు అడుగుతుండె. మాట సక్కగ రాకున్న అడుగుతుండె. అల్లుడు రాలేదా అని. షాపుల పనుందని చెప్తుంటి. ఆఖరి దినం గూడ గదే అబద్ధం చెప్పిన. నీ కోసం మా నాయినకు అబద్ధం చెప్పి పంపిన."

నేనూ ఒక తుంగ వేరు తీసి ఆ కుప్ప మీద వేశాను.

"నేను ఆడికి రాను," అంది. "సంఘం ఏమన్ననీ. ఆళ్లు గుంజుకునేదాంక తాళం ఇడువ."

"రమ్మంట లేను."

"మరెందుకొచ్చినవ్?"

"ఏడున్నరకు బస్సుంది," అన్నాను. "పెబ్బేరు మీదికెల్లి. షాపు తొమ్మిదింటికి. అందుత."

రేఖ నా వైపు చూసింది. పోయిన శనివారం కట్ట మీద గడ్డం పట్టి ముఖం తిప్పింది గానీ ఇట్లా చూడలేదు. నేను బస్సు గురించి ఇంకేమైనా చెబుతానేమో అని చూసినట్టుంది. నా దగ్గర అంతకంటే లేదు.

"మీ అన్న నవ్వుతడు," అంది.

"నవ్వనీ."

"నిమ్మకాయలు గూడ తేలె. ఉత్త చేతులతోటి వచ్చిండు."

"ఆకులే లేవంటె కాయలేడికెల్లి తేవాలె. పురుగులకు పెట్టితివి గద చెట్టును."

నవ్వింది. వెంటనే ఆపుకుని ముఖం తిప్పుకుంది. వాళ్ల నాయన పోయి రెండు నెలలు కూడా కాలేదు. తర్వాత నడుముకున్న తాళంచెవి తీసి నా వైపు విసిరింది. "కడమడులకు వంతు. పొద్దు గుంకకముందె ఇడువాలె. ఎప్పుడు నేనే అటు తిప్పి, మల్ల ఉరికొచ్చి కాలువల సూడాలె. పైకి పో. నేను ఈడ నిలబడి సూస్త."

తూము మీదికి ఎక్కాను. తాళం తీసి గొలుసు విప్పాను. ఇనుప చక్రం మామ చేతులకు అరిగి నున్నగా అయింది. చెరువు మధ్య తిట్టె మీద సలిబాతులు అట్లాగే ఉన్నాయి. చక్రం చప్పుడుకు కొన్ని తలలెత్తాయి, లేవలేదు.

"ఎన్ని తిప్పాలె?" అని కిందికి అరిచాను.

"ఒక పుంజీ తిప్పు."

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆపాను. కింద నీళ్ల చప్పుడు మొదలైంది.

"ఎన్ని తిప్పినవ్?"

"నాలుగు."

వంగి చూశాను. కాలువలో నీటి మట్టం మీద చేయి పెట్టి నిలబడి ఉంది. నీళ్లు మోకాళ్లు దాటి పైకి వచ్చాయి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది.

"ఇంకో రెండు," అంది.

రెండు తిప్పాను.

డిసెంబర్ 22, సోమవారం

ఏడున్నర బస్సు ఎనిమిదికి వచ్చింది. షాపుకు ఆలస్యమైంది.